చప్పుడు లేకుండా వచ్చిన కాగితం

నేను చెప్పే మాటల్లో సగం తీసేసి మిగతా సగం నమ్మండని మా ఆవిడ కొత్తవాళ్లకి ముందే చెప్పేస్తుంది. కాదనను. ఖమ్మం జిల్లా వైద్య శాఖలో ఫ్యాక్సు మిషన్ల మీద నేను పుట్టించిన కథలు ఇప్పటికీ ఎవరో ఒకరి నోట తిరుగుతూనే ఉన్నాయట. ఎండాకాలం వేడికి ఫ్యాక్సు కాగితం మొత్తం నల్లబడితే, ఒక డాక్టరు దాన్ని ఎక్స్‌రే అనుకుని వెలుతురుకి పట్టి చూసి, గుండె కొంచెం వాచిందని మందు రాశాడని చెప్పేవాణ్ని. అడవి అంచున ఉన్న ఒక దవాఖానాలో ఫ్యాక్సు కూత వినబడగానే ఎలుగుబంటి కిటికీ దగ్గరికొచ్చి బదులు పలికేదని చెప్పేవాణ్ని. ఇంకోచోట ఉడత మిషను లోపల పిల్లల్ని పెడితే, వాటి కాళ్ల గుర్తులు ఖమ్మం ఆఫీసులో అచ్చయి వచ్చాయనీ, గుమాస్తా వాటిని ఫైల్లో పెట్టి 'తగు చర్య నిమిత్తం' అని రాసి పైకి పంపాడనీ చెప్పేవాణ్ని. ఉడత సంగతి మాత్రం నిజం. పిల్లల్ని బయటికి తీసింది నేనే.

ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఎలుగుబంటి లేదు. ఉంటే బాగుండేది.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఫ్యాక్సు మిషను చూసి ఉండరు. టెలిఫోను తీగకి తగిలించిన ఒక పెట్టె అది. ఇక్కడ కాగితం పెడితే, ఎక్కడో ఉన్న ఇంకో పెట్టెలోంచి దాని నకలు బయటికొస్తుంది. రాబోయే ముందు మాత్రం అది ఒక అరుపు అరుస్తుంది. పొట్టేలుని చెవి పట్టుకుని ఈడ్చినట్టుంటుంది ఆ అరుపు. గోడ అవతల పడుకున్నవాడైనా లేచి కూర్చోవాలి. మిషన్లు తీసేసినప్పుడు అందరూ ముందు సంతోషించింది ఆ గోల పోయినందుకే.

నా అసలు ఉద్యోగం ఫ్రిజ్‌లు బాగుచేయడం. పిల్లలకిచ్చే టీకాలు చల్లగా ఉండాలి కదా, ఖమ్మం నుంచి అడవి చివరి ఆరోగ్య కేంద్రం దాకా ఉన్న ఫ్రిజ్‌లన్నీ నా పాలే. వైరు ఉన్న ప్రతిదీ నాదేనని పై అధికారులు తేల్చడంతో ఫ్యాక్సులు కూడా నా నెత్తిన పడ్డాయి. తిరుమలాయపాలెం, కుసుమంచి వైపు పని అయితే సాయంత్రానికి ఇల్లు చేరేవాణ్ని. భద్రాచలం వైపు వెళ్తే రెండు మూడు రోజులకి బట్టలు సర్దుకునేవాణ్ని.

భద్రాచలం పెద్దాసుపత్రిలో ఫ్యాక్సు క్యాజువాలిటీ గదిలో ఉండేది, హెడ్ నర్సు బల్ల పక్కన ఒక స్టూలు మీద. ఆ నర్సమ్మ నాకంటే పదేళ్లు పెద్ద. నేను సంచి పట్టుకుని గుమ్మంలో కనబడగానే, ఈ రోజు ఏ జంతువును తెచ్చినవయ్యా అని అడిగేది. నా కథలన్నీ మొదట ఆమెకే చెప్పేవాణ్ని. నవ్వేది కాదు. ఇంకోసారి చెప్పమనేది. రెండోసారి నేను ఎక్కడ మార్చి చెప్పానో పట్టుకునేది.

ఆ ఆసుపత్రిలో ఒక పద్ధతి ఉండేది, అది ఏ ఉత్తర్వులోనూ రాసి లేదు. రక్తం నిలవ పెట్టే ఫ్రిజ్ వచ్చింది, నేనే బిగించాను, అనుమతి మాత్రం రాలేదు. వచ్చేదాకా ఉండనీ అని అందులో నర్సులు పెరుగు పెట్టుకునేవారు. కాబట్టి ఆ ఊళ్లో రక్తం ఫ్రిజ్‌లో ఉండేది కాదు, ఆటోల్లో తిరుగుతుండేది. ఆసుపత్రి ఎదురుగానే ఆటో స్టాండు. ఏ డ్రైవరుది ఏ గ్రూపో నర్సమ్మకి నోటికొచ్చు. వాళ్ల అసలు పేర్లు ఆమెకి తెలుసో లేదో నాకనుమానమే. అడవిలోని కేంద్రం నుంచి ఫలానా మనిషి, ఫలానా గ్రూపు, జీపులో బయలుదేరిందని ఫ్యాక్సు అరవగానే కాగితం చింపుకుని వరండాలోకి వెళ్లేది.

"ఏయ్ బి నెగెటివ్, ఆ ఇడ్లీలు ఆడ పెట్టి లోపలికి రా."

"మొన్ననే ఇస్తి గదమ్మా."

"దీపావళికి ఇచ్చినవ్. మొన్నంటవేంది? నడువ్."

ఆ డ్రైవర్లలో ఒకడు తన పెళ్లిపత్రికలో పేరు పక్కన గ్రూపు కూడా అచ్చేయించాడని నేను ప్రచారం చేశాను. అది అబద్ధం. కానీ జీపు ఆ చెట్లూ వాగులూ దాటుకుని వచ్చేలోపు పరీక్షలు అయిపోయి రక్తం సంచీ సిద్ధంగా వేలాడుతుండేదన్నది అబద్ధం కాదు. ప్రాణం పోవలసినవాళ్లు ఎంతమంది ఇంటికి తిరిగి వెళ్లారో. వాళ్లకి ఆ అరుపు సంగతి తెలియదు.

రెండువేల దశకం సగం గడిచాక మాకూ కంప్యూటర్లు వచ్చాయి. ఇక మీదట ఫ్యాక్సులుండవు, కాగితాన్ని స్కానరు మీద పెట్టి ఇంటర్నెట్టులో పంపాలన్నారు. ఖమ్మంలో మీటింగు పెట్టారు. దాన్ని నడిపిన అధికారి చెడ్డవాడు కాదు, అది ముందే చెప్పాలి. ఫ్యాక్సులో వచ్చే మసక అక్షరాల వల్ల మందుల మోతాదు తప్పుగా చదివిన సందర్భాలు ఆయనకి తెలుసు. ఒక కేంద్రం నుంచి వచ్చిన కాగితాన్నీ, అదే కాగితాన్ని స్కాను చేసి తెప్పించిన నకలునీ పక్కపక్కన పట్టుకుని చూపించాడు. ఒకటి బురదలో ముంచి తీసినట్టుంది. ఇంకోటి అద్దంలా ఉంది. ఎవరు కాదంటారు?

ఎవరికైనా సందేహాలున్నాయా అని ఆయన అడిగితే నేను లేచాను.

"సార్, ఫ్యాక్సు ఒర్లుతది. ఇది ఒర్లదు. కాగితం వచ్చిందని నర్సమ్మకి ఎట్ల తెలుస్తది?"

ఆయన నా వైపు చూసి చిన్నగా నవ్వాడు. "నీ ఎలుగుబంటి ఉందిగా, దాన్ని పంపు. అది చెప్తుంది."

హాలంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. మంచి జోకే మరి. నేనైనా అదే వేసేవాణ్ని.

భద్రాచలంలో కంప్యూటర్ని క్యాజువాలిటీలో పెట్టలేదు. దుమ్ము, రక్తం, జనం, అక్కడెలా పెడతారు? ఆసుపత్రి వెనక వైపు ఒక గదికి సున్నం వేసి, ఏసీ బిగించి అక్కడ పెట్టారు. సూపరింటెండెంటు గదికి కూడా ఏసీ లేదు అప్పుడు. కొబ్బరికాయ కొట్టారు, తెరకి పైన కుంకుమ బొట్టు పెట్టారు, గడప దగ్గర చెప్పులు విడవాలని కాగితం అంటించారు. పెద్ద డాక్టరమ్మ కూడా చెప్పులు విడిచే లోపలికెళ్లేది. కాంట్రాక్టు మీద ఒక కంప్యూటరు ఆపరేటరుని వేశారు. కొత్తగా పెళ్లయినవాడు, మాటకి నెమ్మది. సాయంత్రం పోయేటప్పుడు తెర మీద గుడ్డ కప్పి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, తాళాన్ని ఒకసారి లాగి చూసి మరీ పోయేవాడు. లోపలి సామానుకి సంతకం పెట్టింది అతనే కదా.

ఇంటర్నెట్టు రావాలంటే టెలిఫోను లైను కావాలి. ఆసుపత్రికి పనికొచ్చే లైను ఒకటే ఉంది, క్యాజువాలిటీలో ఫ్యాక్సుకి తగిలించింది. లైన్‌మన్ వచ్చి దాన్ని వెనక గదికి మార్చాడు. ఫ్యాక్సు మిషనుని స్టోరు గదికి మోసుకెళ్తుంటే నర్సమ్మ ఆ ఖాళీ స్టూలు మీద మందుల ట్రే పెట్టుకుంది. నా చెవులకి ఇన్నాళ్లకి సుఖం అంది.

మొదటి కొన్ని నెలలూ బాగానే గడిచాయి, అదృష్టం కొద్దీ కాగితాలన్నీ ఆపరేటరు ఉన్నప్పుడే వచ్చాయి. కాగితం రాగానే ఆపరేటరు ముద్రించి పరుగెత్తుకొచ్చి ఇచ్చేవాడు. నర్సమ్మ వరండాలోకి వెళ్లి కేకేసేది. నేను మీటింగులో అడిగిన ప్రశ్నని నేనే మర్చిపోయాను.

శ్రీరామనవమి వచ్చింది. నవమికి భద్రాచలంలో ప్రభుత్వ ఉద్యోగి అన్నవాడెవడూ తన కుర్చీలో ఉండడు. టీచర్లు క్యూలైన్ల దగ్గర, రెవెన్యూవాళ్లు మంచినీళ్ల దగ్గర, కంప్యూటరు తెలిసినవాళ్లు పాసుల కౌంటరులో. మా ఆపరేటరుని అక్కడికే వేశారు. ఆ రోజు పొద్దున్నే అతను ఆసుపత్రికొచ్చి, కాగితాలు వస్తే ఆగిపోకూడదని ఇంటర్నెట్టు కలిపి, అలాగే వదిలి, గుడ్డ కప్పి తాళం వేసుకుని డ్యూటీకి వెళ్లాడు. మనిషి మంచివాడు కాబట్టే కలిపి వదిలాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

అడవిలో ఒక ఆరోగ్య కేంద్రం. అక్కడి డాక్టరుని కూడా ఉత్సవం మెడికల్ క్యాంపుకి వేశారు. ఫార్మసిస్టూ, ఒక ఏఎన్ఎమ్మూ మిగిలారు. పొద్దున ఒక కోయగూడెం నుంచి నెలలు నిండిన ఒక అమ్మాయిని మంచం మీద మోసుకొచ్చారు. నొప్పులు రాకముందే రక్తం పోవడం మొదలైంది. గ్రూపు బి నెగెటివ్ అని ముందే పరీక్ష చేసి ఉంది. ఫార్మసిస్టు కాగితం రాసి స్కానరు మీద పెట్టి భద్రాచలానికి పంపాడు. వెళ్లిందని తెర మీద వచ్చింది. జీపు బయలుదేరింది, వెంట భర్తా ఏఎన్ఎమ్మూ.

అయినా ఫార్మసిస్టుకి మనసు ఆగలేదు. పెద్దాసుపత్రికి ఫోను కలిపాడు. ఎంగేజ్. కాసేపాగి మళ్లీ కలిపాడు. ఎంగేజే. అతనికి తెలిసిన నంబరు అదొక్కటే. ఆ అడవిలో సెల్‌ఫోనుకి సిగ్నలెక్కడిది? తర్వాత నేను ఆ కేంద్రానికి వెళ్లినప్పుడు అతనే చెప్పాడు. "లైను ఎంగేజ్ వస్తుంటే ధైర్యమొచ్చింది సార్. ఎవలో కంప్యూటర్ మీద కూసున్నరు, పని చేస్తున్నరు అనుకున్న." ఇంటర్నెట్టు కలిపి ఉన్నంతసేపూ ఆ లైనుకి ఇంకో ఫోను రాదు. తాళం వేసిన గదిలో తెర మీద గుడ్డ కప్పుకుని, ఆ కంప్యూటరు ఒక్కటే లైనుని పట్టుకుని కూర్చుంది.

ఆ రోజు నేనూ భద్రాచలంలోనే ఉన్నాను. క్యాంపులో మందులు పెట్టిన ఫ్రిజ్ ఎండకి మొరాయించిందని పిలిపించారు. అది చూసి, ఎలాగూ వచ్చాను కదా అని నర్సమ్మని పలకరించడానికి ఆసుపత్రికెళ్లాను. క్యాజువాలిటీ అంతా ఎండదెబ్బ తగిలిన భక్తులే. నేనొక కొత్త అబద్ధం మొదలుపెట్టాను కూడా. అది చెప్తుండగానే జీపు వచ్చి ఆగింది.

ఆ అమ్మాయి కళ్లు తెరిచే ఉంది. ముఖం పాలిపోయి ఉంది. నర్సమ్మ ఏఎన్ఎమ్మునే అడిగింది ముందు, కాగితం పంపకుండా ఎట్ల తెచ్చినవని. పంపినం అమ్మా, జీపు కదలకముందే పంపినం అంది ఏఎన్ఎమ్. నర్సమ్మ డాక్టరమ్మని పిలవమని లోపలికి కేకేసి వరండాలోకి పరుగెత్తింది.

ఆటో స్టాండు ఖాళీగా ఉంది.

నవమికి పోలీసులు ఆటోలన్నిటినీ వంతెన అవతలే ఆపేశారు. బి నెగెటివ్ ఎక్కడున్నాడో, ఏ చెట్టు కింద కునుకుతున్నాడో. నర్సమ్మ ఆ ఖాళీ స్టాండు వైపు చూస్తూ ఒక్క క్షణం నిలబడింది. అరవడానికి నోరు తెరిచింది, ఎవరిని కేకేయాలో తెలియక మూసుకుంది. అదే కాగితం అందిన వేళకి తెలిసి ఉంటే, ఒక కానిస్టేబుల్ని వంతెన మీదికి పంపితే చాలు. జీపు వాగు దాటేలోపు డ్రైవరు మంచం మీద చెయ్యి చాచి పడుకుని ఉండేవాడు.

నన్ను వంతెన మీదికి పొమ్మంది. వెళ్లాను. వెళ్లానంటున్నాను కానీ, ఆ జనంలో ఎవరూ ఎక్కడికీ వెళ్లరు, జనం ఎటు తోస్తే అటు పోతారు. నేను ఒక వీధి దాటేసరికి ఇంకెవరికో బుద్ధి పుట్టి కల్యాణ మండపం మైకులో చెప్పించారు. పెద్దాసుపత్రిలో ఆడమనిషికి రక్తం అత్యవసరం, బి నెగెటివ్ వాళ్లు వెంటనే వెళ్లాలని. చివరికి డాక్టరమ్మ, నెగెటివ్ దొరక్కపోతే బి పాజిటివ్ అయినా సరే పంపండని కబురు పెట్టిందట. ఆ మాట కూడా చెప్పారు.

భక్తులు ఆసుపత్రికి పరుగెత్తారు. నేనిది కల్పించడం లేదు. వంతెన దాకా చేరలేక నేను తిరిగొచ్చేసరికి గేటు బయటిదాకా వరస ఉంది. తమ గ్రూపేంటో తెలియనివాళ్లు కూడా వచ్చారు. ఒకాయన చొక్కా చెయ్యి మడుచుకుని, రెండో చేతిలో తలంబ్రాల పొట్లం పట్టుకుని నిలబడ్డాడు. ముసలమ్మలు నిలబడ్డారు. నాది తీసుకోండి నాది తీసుకోండని ఎవరూ అరవలేదు, ఒద్దికగా నిలబడ్డారు, ప్రసాదం దగ్గర నిలబడినట్టు.

లోపల అప్పటికే అయిపోయింది. బిడ్డని తీయగలిగారు, ఆడపిల్ల. తల్లి మిగల్లేదు.

నర్సమ్మ బయటికొచ్చి ఆ వరసని చూసింది. వాళ్లకి అయిపోయిందని చెప్పలేకపోయింది. బి నెగెటివ్ ఎవరన్నా ఉన్నారా అని మాత్రం అడిగింది. కుసుమంచి వైపు నుంచి వచ్చిన ఒక రైతు చెయ్యెత్తాడు, గ్రూపు రాసిన కార్డు కూడా ఉంది. ఆమె అతన్ని లోపలికి తీసుకెళ్లి, పడుకోబెట్టి, రక్తం తీసింది. పని అయ్యాక అతను లేచి, ఆమెకి బాగయితది గదమ్మా అని అడిగాడు. నర్సమ్మ అతనికి టీ ఇప్పించింది.

ఆపరేటరు కౌంటరు వదిలి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మైకులో విన్నాడట, కానీ ఆ పిలుపుకీ తన గదికీ సంబంధం ఉందని తోచలేదట. ఎందుకు తోస్తుంది? చెమటలు కారుతూ తాళం తీశాడు. తీసి, గడప దగ్గర ఆగి, చెప్పులు విడిచాడు. నర్సమ్మ కూడా విడిచింది. నేనూ విడిచాను. ఆ సమయంలో కూడా ముగ్గురం చెప్పులు విడిచి లోపలికెళ్లాం. గది చల్లగా ఉంది.

గుడ్డ తీస్తే తెర మీద కాగితం ఉంది. నిజం చెప్పాలంటే, అంత స్పష్టమైన కాగితం నా ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదు. గ్రూపు కింద ఫార్మసిస్టు గీసిన రెండు గీతలు కూడా కనబడుతున్నాయి. పేరు, వయసు, గూడెం, అన్నీ. అడుగున సంతకం చోట అమ్మాయి వేసిన వేలిముద్ర గీతలు లెక్కపెట్టుకోవచ్చు.

నర్సమ్మ దగ్గరికి వంగి చూసింది. "ఎంత మంచిగ కనబడుతున్నదయ్యా," అంది నాతో. ఆపరేటరు నేల మీద కూర్చుండిపోయాడు.

విచారణ జరిగింది. ఖమ్మం నుంచి అదే అధికారి వచ్చాడు. ఎవరి మీదా కేకలేయలేదు. అందరినీ అడిగాడు, అన్నీ చూశాడు. ఆపరేటరు పై అధికారులు వేసిన డ్యూటీకే వెళ్లాడు. ఫార్మసిస్టు పంపాల్సింది పంపాడు. నర్సుకి అందాల్సింది అందలేదు. పత్రం పంపిన కాసేపటికే అందిందనీ, అక్షరాలు స్పష్టంగా ఉన్నాయనీ, వ్యవస్థలో లోపం లేదనీ రాసుకున్నాడు. రాసింది ప్రతి ముక్కా నిజమే. వెళ్లేటప్పుడు నా దగ్గర ఆగాడు. మీటింగు సంగతి గుర్తొచ్చిందని ఆయన ముఖం చూస్తే తెలిసింది. నా భుజం మీద చెయ్యి వేసి, తీసేశాడు.

తర్వాత ఆ తలుపుకి ఇంకో కాగితం అంటించారు, తాళంచెవి ఒకటి క్యాజువాలిటీలో ఉంచాలని. కంప్యూటరుకి స్పీకర్లు కొని, కాగితం రాగానే మోగే ఏర్పాటు చేశారు. మోగేది, పిచ్చుక పలికినట్టు. వెనక గదిలో, తలుపు వేసుకున్న ఏసీలో. పాత ఫ్యాక్సుని మళ్లీ పెట్టించమని నర్సమ్మ అర్జీ రాసింది. నేనూ సంతకం పెట్టాను. ఆ అర్జీకి జవాబొచ్చేలోపే పనికిరాని సామాను కింద మిషనుని వేలం వేసేశారు. ఆపరేటరు మానేసి ఖమ్మంలో మిర్చి యార్డు దగ్గర ఏదో కొట్లో చేరాడు. నర్సమ్మ మధిర వైపు బదిలీ చేయించుకుంది. వెళ్లే రోజు కూడా ఆటో స్టాండు వైపు తిరగలేదట.

నేను మాత్రం ఆ ఉద్యోగంలోనే ఇంకొన్నేళ్లు చేశాను. స్వచ్ఛందంగా మానేసి ఖమ్మంలో ఫ్రిజ్‌ల కొట్టు పెట్టుకోకముందు ఒకసారి ఆ అడవి కేంద్రంలో టీకాల ఫ్రిజ్ ఆగిపోయిందంటే వెళ్లాను. అది టీకాల రోజు. వరండాలో తల్లులు పిల్లల్ని పట్టుకుని కూర్చున్నారు. వాళ్ల మధ్య ఒక మగమనిషి, ఒళ్లో ఒక పాప. నేను గుర్తుపట్టలేదు. అతనే గుర్తుపట్టాడు, ఆ రోజు భార్యతో జీపు దిగినప్పుడు నేను నర్సమ్మ పక్కన ఉన్నానట.

ఫ్రిజ్ బాగయ్యేదాకా ఆగాడు. నేను చేతులు తుడుచుకుంటుంటే దగ్గరికొచ్చాడు. పాప అతని మెడ పట్టుకుని నా సంచిలోని స్క్రూడ్రైవరు వైపు చూస్తోంది.

"సార్, ఆ దినం కాగితం వచ్చిందంట గద, దవాఖానకి?"

"వచ్చింది."

"మంచిగ వచ్చిందా?"

"మంచిగనే వచ్చింది."

అతను తలూపాడు. పాపని ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు.

"మరి?"

నేను ఎలుగుబంటి చేత మాట్లాడించినవాణ్ని. ఉడత పిల్లల చేత అర్జీ పెట్టించినవాణ్ని. అతను నా ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు. లోపల్నుంచి ఏఎన్ఎమ్ పాప పేరు పిలిచింది. అతను వెళ్లిపోయాడు.